ఆగమని ఎవరూ అనలేదు

మార్చి 3, సోమవారం

దువ్వెన కొందామని వెళ్ళి ఈ డైరీ కొనుక్కొచ్చాను. దువ్వెన సంగతి మెట్లెక్కుతుంటే గుర్తొచ్చింది.

"మార్చి నెలలో డైరీ ఏంటమ్మా? జనవరి, ఫిబ్రవరి కాగితాలు దండగే కదా" అన్నాడు షాపతను.

"జరిగిపోయిన నెలలు ఎవరికైనా దండగేనండీ" అన్నాను. అనేశాక, దువ్వెన కొనడానికొచ్చిన మనిషికి అంత పెద్ద మాట ఎందుకొచ్చిందా అని సిగ్గేసింది. అతను మాత్రం మొహం గంభీరంగా పెట్టి, పరామర్శకు వచ్చినవాడిలా డైరీని రెండు చేతులతో అందించాడు.

డ్యూటీలో రోజంతా వాగుతూనే ఉంటాను. గదికొచ్చి తాళం తీస్తే, పొద్దున మడవకుండా వదిలేసిన దుప్పటి అలాగే ఎదురొస్తుంది. కింద లాండ్రీలో ఇస్త్రీ ఆవిరి కిటికీదాకా వచ్చి ఆగిపోతుంది. మాట్లాడదామంటే మనిషి లేడు. అందుకని కొన్నానేమో. ఏమో, అంత ఆలోచించి కొనలేదు.

మార్చి 4

దువ్వెన ఇవాళ కూడా మర్చిపోయాను.

మార్చి 5, బుధవారం

ఇవాళ సూపర్వైజర్ అందరి ముందూ మెచ్చుకున్నాడు.

మాది అంబులెన్సుల కంట్రోల్ రూమ్. కిటికీలు లేని పొడుగాటి గది, వరసగా సీట్లు, చెవులకి హెడ్‌ఫోన్లు. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే మాకు ఫోన్ చేస్తారు. మేం ముందు "ఎక్కడ?" అని అడుగుతాం, తర్వాతే "ఏమైంది?" అని. పొద్దున ఒకావిడ ఫోన్ చేసి, "మా ఇంటి పక్క పాత సినిమా హాలు..." అని ఇంకా చెప్తూనే ఉంది, నేను బండి పంపేశాను. ఆవిడ వెనక ఎవరో ఆయాసంతో ఎగపీల్చే ఊపిరి వినిపించింది. ఆ చప్పుడు వింటే ఇక చిరునామా పూర్తయ్యేదాకా కూర్చోలేను. ఆ మనిషి బతికాడట.

"మీ చెయ్యి మీ చెవి కంటే ముందుంటుంది మేడమ్. ఈ ఉద్యోగానికే పుట్టారు" అన్నాడు సూపర్వైజర్.

ఇదే బుద్ధికి నేను పుట్టిన దగ్గర్నుంచీ తిట్లు తింటున్నాను. చిన్నప్పుడు మా నాన్న నన్ను అగ్గిపుల్ల అనేవాడు. గీసేదాకా కూడా ఆగదు, దానంతటదే అంటుకుంటుంది అనేవాడు. పెళ్ళయ్యాక ఆ పేరు అత్తవారింటికి కూడా నాతోపాటే వచ్చింది, పెట్టెలో పెట్టకపోయినా.

పెళ్ళంటే గుర్తొచ్చింది. ఆయన ఫోన్ చెయ్యలేదు. చెయ్యకపోతే పోనీ.

మార్చి 8, శనివారం

అత్తయ్య ఫోన్. వారానికి రెండుసార్లు తప్పకుండా చేస్తుంది. కొడుకు కోడలితో మాట్లాడడు కాబట్టి ఆ బాధ్యత కూడా తనే తీసుకుంది.

"ఏమే, తింటున్నావా?"

"తింటున్నాను అత్తయ్యా. మీరు?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. మీ ఆయనే చిక్కిపోయాడు. అంటే కాస్త చిక్కాడు. అంటే, నాకలా అనిపిస్తోంది."

"ఆయన పక్కనే ఉన్నారా?"

"షాపులో ఉన్నాడు. ఒక వయొలిన్‌కి పొట్ట పగిలిందట. అతికించి, దాని మొహం చూస్తూ కూర్చున్నాడు."

ఆయన వాద్యాలు బాగుచేస్తారు. వీధి మలుపులో చిన్న షాపు, గోడల నిండా వేలాడే వయొలిన్లూ గిటార్లూ. ఊళ్ళో తీగల మాస్టారంటే తెలియనివాళ్ళు లేరు. చెక్క అతికించి, బిగింపులు పెట్టి, జిగురు ఆరేదాకా చేతులు కట్టుకుని కూర్చునే మనిషి. తొందరపెట్టే గిరాకీలతో, "తొందరేం లేదు, అది వినేదాకా నేనిక్కడే ఉంటాను" అంటారు. కొయ్యకి చెవులున్నట్టు.

"వాడికి ఆలోచించడానికి ఒక జన్మ చాలదు, నీకు ఆగడానికి ఒక క్షణం ఎక్కువ. మిమ్మల్నిద్దర్నీ కలిపి రోట్లో వేసి దంచితే ఒక మామూలు మనిషి తయారవుతాడు" అంది అత్తయ్య.

ఇద్దరం నవ్వాం. ఫోన్ పెట్టేశాక నవ్వు గదిలో ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మార్చి 9

ఎలా వచ్చానో ఒకసారి రాసేస్తాను. రాస్తే పోతుందంటారు.

ఈ ఉద్యోగానికి ఎప్పుడో ఏడాది ముందు దరఖాస్తు పెట్టి మర్చిపోయాను. అప్పుడు మా ఊరి ఆసుపత్రిలో టెలిఫోన్ దగ్గర కూర్చునేదాన్ని. ఆ సాయంత్రం మేమిద్దరం వంటింట్లో గొడవపడుతున్నాం. గొడవంటే, నేను పడుతున్నాను, ఆయన వింటున్నారు. షాపు పెద్దది చేద్దామన్నా "చూద్దాం", ఊరు మారదామన్నా "చూద్దాం", పోనీ వంటింటి గోడకి రంగు మారుద్దామన్నా "చూద్దాం". చూసీ చూసీ నా కళ్ళు కాయలు కాశాయి. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. వచ్చే వారం చేరగలరా అని అడిగారు. "చేరతాను" అన్నాను. ఏ ఊరో కూడా రెండోసారి అడగలేదు.

ఆయన తల పైకెత్తి చూశారు. ఒడిలో ఏదో వాద్యం మెడ ఉంది.

"మాటిచ్చేశావుగా. వెళ్ళు" అన్నారు.

అంతే. ఆ రాత్రంతా కూర్చుని నా పెట్టెకి పాడైన జిప్పు బాగుచేశారు. పంపించేయడానికి ఇంత శ్రద్ధా అనుకుని, పొద్దున్న వెనక్కి చూడకుండా బస్సెక్కాను.

ఆరు నెలల పరీక్షా కాలం అన్నారు ఇక్కడ. అది అయిపోవస్తోంది.

రాసినా పోలేదు.

మార్చి 12, బుధవారం

విశ్వవిద్యాలయం నుంచి ఒక సైకాలజీ డాక్టరు వచ్చింది. వైద్యం చేసే డాక్టరు కాదట, పరిశోధన చేసే డాక్టరు. వయసు నాకంటే తక్కువే. జుట్టు ముడిలో పెన్సిల్ గుచ్చుకుని, ఆ పెన్సిల్ కోసమే బల్లంతా వెతుక్కుంటోంది. మా కంట్రోల్ రూమ్‌లో వాళ్ళ మీద పరీక్షలు చేస్తుందట. క్షణాల్లో నిర్ణయాలు తీసుకునేవాళ్ళ స్వభావం ఎలా ఉంటుందో, దుడుకుతనం మంచికి ఎప్పుడు పనికొస్తుందో, చెడుకి ఎప్పుడు తిరుగుతుందో చూడాలట.

"ఇష్టమైనవాళ్ళు పేరివ్వండి. తొందరేమీ లేదు, ఆలోచించుకుని..." అంటోంది.

నేను చెయ్యెత్తేశాను.

ఆ అమ్మాయి నవ్వి, "మీ పరీక్ష సగం అయిపోయినట్టే" అంది.

మార్చి 14, శుక్రవారం

పరీక్ష మొదటి రోజు. డ్యూటీ దిగాక, పక్కనున్న ఖాళీ గదిలో.

మొదట ప్రశ్నలు. "మాట అనేశాక ఆలోచిస్తాను." ఎప్పుడూనా, తరచుగానా, అప్పుడప్పుడా, అసలు లేదా? ప్రశ్న చివరిదాకా చదవకుండానే "ఎప్పుడూ" దగ్గర టిక్కు పెట్టాను. అలాంటివి బోలెడు. అన్నింటిలోనూ నన్ను నేను ముద్దాయిని చేసుకున్నాను.

తర్వాత కంప్యూటర్. తెర మీద బాణం కుడికి చూపిస్తే కుడి బటన్, ఎడమకి చూపిస్తే ఎడమ బటన్. ఎంత వేగంగా నొక్కితే అంత మంచిది. కానీ ఒక్కోసారి బాణం వచ్చిన వెంటనే చిన్న బీప్ వస్తుంది. అది వినిపిస్తే చెయ్యి ఆపేయాలి. నొక్కబోతున్న వేలిని గాలిలోనే ఆపాలన్నమాట. కంప్యూటరు మాయలమారిది, బీప్‌ని రానురాను ఆలస్యం చేస్తుంది. రైలు కదిలాక చెయిన్ లాగినట్టుంటుంది.

ఇక నా బండారం బయటపడుతుందనుకున్నాను. అయిపోయాక డాక్టరు తెర వైపు చూసి, పెన్సిల్ తీసి, మళ్ళీ గుచ్చుకుంది.

"మీరు చాలా బాగా ఆగుతున్నారండీ."

"నేనా?"

"ఇప్పటిదాకా చూసినవాళ్ళలో మీ అంత చక్కగా ఆగినవాళ్ళు తక్కువ."

"మరి ఇందాక టిక్కులు పెట్టిన కాగితాల సంగతేంటి?"

"కాగితం మీద చెప్పేదీ, వేలు చేసేదీ చాలామందిలో కలవవు. ఎందుకు కలవవో మేమూ ఇంకా దెబ్బలాడుకుంటూనే ఉన్నాం" అంది.

దార్లో నడుస్తుంటే అదే మాట చెవిలో. బాగా ఆగుతున్నారండీ. ఈ మాట ఒక్కసారి ఫోన్ చేసి చెప్పాలనిపించింది. అత్తయ్యకి. అత్తయ్యకే.

ఇంకో మాట కూడా తోచింది. బీప్ వినిపిస్తే ఆగుతాను. ఆ రోజు వంటింట్లో ఎవరైనా ఆగమంటే... అలాంటిదేం లేదు. ఎవరో ఆపాలని ఎవరూ బస్సెక్కరు. చిన్నపిల్లలు చేసే పని అది.

మార్చి 15

ఫోన్ రాలేదు. నేనేం ఎదురుచూడడం లేదు.

మార్చి 17, సోమవారం

ఇది పరీక్షలో ఇంకో భాగం. రోజులో ఎప్పుడో ఒకప్పుడు డాక్టరు దగ్గర్నుంచి సెల్‌ఫోన్‌కి ప్రశ్న వస్తుంది. "గడిచిన గంటలో ముందువెనకలు చూడకుండా ఏమైనా చేశారా? అప్పుడు మీ మనసు ఎలా ఉంది?" గదిలో కూర్చోబెట్టి చూసేది ఒకటి, మామూలు బతుకులో జరిగేది ఒకటి కాబట్టి ఇలా అడుగుతారట.

ఇవాళ సాయంత్రం ప్రశ్న వచ్చినప్పుడు నేను బస్టాండులో ఉన్నాను. డ్యూటీ దిగి, గదికి వెళ్ళే బస్సు బదులు అటు వెళ్ళేది ఎక్కాను. గాలి మార్పుకి. ఆ చివరి ప్లాట్‌ఫారం దగ్గర బెంచీ బాగుంటుంది, నీడ పడుతుంది. మా ఊరి బస్సు కూడా అక్కడే ఆగుతుందన్నది వేరే సంగతి. డ్రైవరు టీ తాగాడు. జనం ఎక్కారు. కండక్టరు నా వైపు చూసి, "వస్తారా అమ్మా?" అన్నాడు. లేదన్నాను. బస్సు వెళ్ళిపోయింది.

సెల్‌ఫోన్‌లో జవాబు పెట్టాను: ఏమీ చెయ్యలేదు. మనసు మామూలుగా ఉంది.

మార్చి 18

గాలి మార్పుకి ఇవాళ కూడా వెళ్ళాను.

మార్చి 19, బుధవారం

రెండో రోజు పరీక్ష. ఇప్పుడే కొంచెం కావాలా, కొన్నాళ్ళు ఆగితే వచ్చే ఎక్కువ కావాలా అని అడుగుతూ పోయింది కంప్యూటరు. ప్రతిసారీ ఆగుతానన్నాను. నాకే విచిత్రంగా అనిపించింది. తర్వాత తెర మీద బుడగలు. ఊదినకొద్దీ పాయింట్లు, పగిలితే సున్నా. నేను మరీ భయపడి ఆపనూ లేదు, మరీ తెగించి పగలగొట్టనూ లేదు.

"డాక్టరుగారూ, మీ యంత్రాలు పాడైనట్టున్నాయి. నేను మా వీధిలో పేరు మోసిన దుడుకుమనిషిని" అన్నాను.

ఆమె టీ తెప్పించింది. కప్పు రెండు చేతులతో పట్టుకుని చెప్పింది.

"దుడుకు అని మనం ఒక్క మాటలో తోసేస్తాం. కానీ అది ఒక్క లక్షణం కాదండీ. ఆలోచించకుండా మొదలుపెట్టేవాళ్ళు వేరు. మొదలుపెట్టింది మధ్యలో వదిలేసేవాళ్ళు వేరు. కొత్తదనం కోసం ప్రమాదంలోకి దూకేవాళ్ళు వేరు. ఇంకొందరుంటారు. మనసు నిమ్మళంగా ఉన్నంతసేపూ అందరికంటే ఓపిగ్గా ఉంటారు. కోపమో, దుఃఖమో, పట్టరాని సంతోషమో ముంచుకొచ్చినప్పుడు మాత్రం చెయ్యి ముందు, బుద్ధి తర్వాత."

"నేను ఆ చివరి రకమా?"

"ఒక్క మనిషిని చూసి అలా తేల్చి చెప్పకూడదు. మేం వందల మందిని చూసి సగటు చెప్తాం. మీ సంగతి మీకే బాగా తెలియాలి."

"నాకే తెలిసుంటే మీ బుడగలు ఊదడానికి ఎందుకొస్తాను?"

ఆమె పకపకా నవ్వి, అసలు విషయానికొచ్చింది. నన్ను ఏళ్ళ తరబడి దగ్గర్నుంచి చూసిన ఒకరితో ఫోన్‌లో మాట్లాడాలట. మన గురించి మనం చెప్పుకునేది ఒకటి, పక్కనుండి చూసేవాళ్ళు చెప్పేది ఇంకొకటి. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలట. వాళ్ళేం చెప్పారో మాత్రం నాకు చెప్పరు.

అత్తయ్య నంబరిద్దామని ముందే అనుకుని వెళ్ళాను. నోరు తెరిస్తే ఆయన నంబరొచ్చింది.

మార్చి 20

ఎందుకిచ్చాను. ఎందుకిచ్చాను.

మార్చి 21

డాక్టరుకి ఫోన్ చేసి, ఆ నంబరు కొట్టేయమందామనుకున్నాను. నాలుగుసార్లు సెల్‌ఫోన్ తీసి పెట్టేశాను. నా గురించి ఆయన ఎవరితోనైనా ఒక్క మాట మాట్లాడతారంటే, అది నాకు వినిపించకపోయినా ఫర్వాలేదు. ఎక్కడో ఒకచోట మాట్లాడితే చాలు.

మార్చి 22, శనివారం

పొద్దున ఒక పెద్దాయన ఫోన్. "మా ఆవిడ పడిపోయింది. మాట్లాడట్లేదు. కళ్ళు తెరిచే ఉంది" అన్నాడు. బండి వెంటనే పంపాను. కానీ దార్లో పైపు పగిలి వీధంతా నీళ్ళట, బండి చుట్టూ తిరిగి రావాలి. ఊపిరి ఆడుతోందా అని అడిగాను, ఆడుతోందన్నాడు. ఇక నేను పరిగెత్తించగలిగింది ఏమీ లేదు. ఫోన్‌లో ఉండడం తప్ప.

నాకు చేతకాని పని అదొక్కటే.

ఆయన ఆవిణ్ణి లేపి కూర్చోబెట్టబోయాడు. వద్దన్నాను. పక్కకి తిప్పి పడుకోబెట్టమన్నాను. కిందికెళ్ళి బండి వస్తోందేమో చూస్తానన్నాడు. తలుపు తీసే చప్పుడు కూడా వినిపించింది. నా గొంతు పెరగబోయింది. ఆగండి అని అరిచేదాన్నే. కానీ నా నోట్లోంచి వచ్చింది వేరే.

"తొందరేం లేదు పెద్దాయనా. బండి దాని దారిన అది వస్తుంది. మీరు ఆవిడ పక్కన కూర్చోండి. చెయ్యి పట్టుకోండి. పట్టుకున్నారా?"

"పట్టుకున్నాను."

"వెచ్చగా ఉందా?"

"ఉంది. మెత్తగా ఉంది. వేళ్ళకి పిండి అంటుకుని ఉంది."

"సరే. నేనిక్కడే ఉంటాను. మీరూ అక్కడే ఉండండి."

ఆ తర్వాత ఆయన ఊపిరి వింటూ కూర్చున్నాను. పక్క సీట్లలో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. చివరికి మెట్ల మీద బూట్ల చప్పుడు, మా వాళ్ళ గొంతులు. "వచ్చారమ్మా, వచ్చారు" అన్నాడు పెద్దాయన. సాయంత్రానికి కబురొచ్చింది, ఆవిడకి తెలివొచ్చిందట, మాట తడబడుతోందట కానీ ఆయన్ని గుర్తుపట్టిందట.

"ఇవాళ మీ గొంతు కొత్తగా ఉంది మేడమ్" అన్నాడు సూపర్వైజర్.

నా గొంతు కాదది. ఎవరిదో నాకు తెలుసు. వరండాలోకి వెళ్ళి మంచినీళ్ళ కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. ఇన్నేళ్ళు పక్కన కూర్చుని విన్న మాట. విన్నప్పుడల్లా ఒళ్ళు మండిన మాట.

మార్చి 24, సోమవారం

డాక్టరు కనిపించింది. ఆయనతో మాట్లాడిందట.

"ఏమన్నారు?"

"చెప్పకూడదండీ."

"బాగానే మాట్లాడారా?"

"చాలా బాగా మాట్లాడారు. అంటే, మాట్లాడినంతవరకు." పెన్సిల్ తీసి చూసుకుంది. "అరగంటలో అయిపోవాల్సింది. మూడు రోజులు పట్టింది."

మార్చి 25, మంగళవారం

అత్తయ్యే ఫోన్ చేసింది. ఆవిడకి ఏ నియమాలూ వర్తించవు.

"మీ డాక్టరమ్మ ఫోన్ చేస్తుందని తెలిసి వాడు స్నానం చేసి చొక్కా మార్చుకున్నాడే! ఫోన్‌లో చొక్కా కనిపిస్తుందా?"

"తర్వాత?"

"ఆ పిల్ల ఏదో అడిగింది. వీడు 'ఒక్క నిమిషం ఉండండి' అన్నాడు. నేను కూరలు తరిగేశాను, వీడింకా ఉండమంటూనే ఉన్నాడు. పొయ్యి మీద వేసేశాను, ఇంకా ఉండమంటూనే ఉన్నాడు. 'రేపు చెప్తానండీ' అని పెట్టేశాడు. పాపం, పరీక్ష రాసే పిల్లాడిలా పొద్దున్నే లేచి మళ్ళీ కూర్చున్నాడు."

"ఏం చెప్పారత్తయ్యా నా గురించి?"

"తలుపేసుకున్నాడే. చెవి పెట్టి విన్నాను కానీ, ఈ చెవులు నమ్మకద్రోహులు." గొంతు తగ్గించి అంది. "అప్పట్నుంచీ జిగురు గిన్నె ముట్టుకోలేదు. షాపులో ఊరికే గోడలు చూస్తూ కూర్చుంటున్నాడు. ఏదో జరుగుతోంది వాడి లోపల. బయటికెప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి."

మార్చి 27, గురువారం

సూపర్వైజర్ పిలిచాడు. నన్ను పర్మనెంట్ చేస్తారట. "ఏమంటారు మేడమ్? ఇప్పుడే చెప్పేస్తే పైకి పంపించేస్తాను" అన్నాడు. మెచ్చుకుంటూ చూస్తున్నాడు. లోపల సంతోషం పాలు పొంగినట్టు పొంగుకొచ్చింది. నాలుక చివరిదాకా వచ్చింది, "చేరతాను" అని.

"రేపు చెప్తానండీ" అన్నాను.

అతను నన్ను జ్వరమొచ్చిన మనిషిని చూసినట్టు చూశాడు.

అదే రోజు, సాయంత్రం

గదికొచ్చి, మొహం కడుక్కుని, కుర్చీలో కూర్చుని, ఫోన్ చేశాను. అత్తయ్యకి కాదు. ఆయనకే.

"హలో" అన్నారు. వెనక షాపులో ఎవరో తీగ సవరిస్తున్న చప్పుడు. ఆగింది.

"నేను."

"తెలుసు."

"ఉద్యోగం పర్మనెంట్ చేస్తామంటున్నారు. నేనింకా ఏం చెప్పలేదు. మిమ్మల్ని అడిగి చెప్దామని. చేరమంటారా, వచ్చేయమంటారా?"

ఇంతకుముందైతే, ఆయన నోరు తెరిచేలోపు నేనే రెండోవైపు మాటలు కూడా మాట్లాడేసి, జవాబు కూడా నేనే చెప్పుకుని, దాని మీద అలగడం కూడా అయిపోయేది. ఈసారి అరచేతిని నోటికి అడ్డం పెట్టుకున్నాను. కింద లాండ్రీవాళ్ళు షట్టరు దించుతున్నారు.

"నేనొస్తాను" అన్నారు.

"చూడడానికా?"

"ఉండడానికి. అమ్మని తీసుకొస్తాను. షాపు ఖాళీ చేస్తాను. ఆ ఊళ్ళో కూడా వయొలిన్లు పగుల్తాయిగా."

"ఏమండీ, కాస్త ఆలోచించి చెప్పండి" అన్నాను. నేను! ఆయనతో!

"ఆలోచించాను. నువ్వెళ్ళిన రోజు నుంచీ అదే పని."

ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "ఇన్నాళ్ళా! ఒక్క ఫోనైనా చెయ్యకుండా! ఆ రోజు ఆగమని ఒక్క మాటంటే మీ నోటి ముత్యాలు రాలిపోయేవా?"

"అంటే ఆగిపోతావని."

"ఏమిటీ?"

"నేను ఆగమంటే నువ్వు ఆగిపోతావు. నాకు తెలుసు. ఆగిపోయి, మా అమ్మకి మందులిచ్చి, నాకు అన్నం పెట్టి, ఆ కిటికీలోంచి బస్సులు చూస్తూ కూర్చుంటావు. అలా ఆగిపోయిన నిన్ను రోజూ చూడడం నా వల్ల కాదనిపించింది."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా."

"అప్పుడు నాకే తెలియదు. తెలిసేసరికి ఇంత ఆలస్యమైంది." గొంతు సవరించుకున్నారు. "మీ డాక్టరమ్మ అడిగింది. మీ ఆవిడ తొందరపాటు వల్ల మీకేమైనా నష్టం జరిగిందా అని. ఒకరోజంతా వెతికాను. దొరకలేదు. మనం పెళ్ళి చేసుకోవడం, ఈ షాపు పెట్టడం, అమ్మకి ఆపరేషన్ చేయించడం, అన్నీ నువ్వు దూకితే జరిగినవే. నా ఆలోచన వల్ల జరిగింది ఒక్కటీ దొరకలేదే."

"మీరు లేకపోతే అవేవీ నిలిచేవి కావు" అన్నాను. ఇది మాత్రం ఆలోచించే అన్నాను.

ఇద్దరం చాలాసేపు ఫోన్ పట్టుకునే ఉన్నాం. మధ్యలో అత్తయ్య గొంతు దూరం నుంచి: "అదేనా? అదేనట్రా? నాకివ్వరా!"

ఇవ్వలేదు ఆయన.

మార్చి 28

చేరతానని చెప్పాను.

ఏప్రిల్ 6, ఆదివారం

ఇద్దరూ వచ్చారు. బస్సు దిగుతుంటే చూశాను. నిజంగానే చిక్కారు. చెవుల దగ్గర నెరిసింది. ఎదురెళ్ళి ఏం మాట్లాడాలో రాత్రంతా కట్టుకున్న మాటలన్నీ ఎక్కడివక్కడ పోయాయి. చేతిలో సంచీ అందుకోబోతే ఆయన సంచీ వదల్లేదు, నా చెయ్యీ వదల్లేదు. అత్తయ్య మా ఇద్దరి మధ్యనుంచి దూరి, "ముందు నాకు మంచినీళ్ళు చూపించండి, తర్వాత సినిమా చూపించండి" అంది.

మధ్యాహ్నం ఇల్లు చూడడానికి వెళ్ళాం. రెండంతస్తుల పాత ఇల్లు, కింద ముందుగది షాపుకి, వెనక రెండు గదులు మాకు. గుమ్మంలో అడుగుపెట్టగానే ఇదే అని నాకు తెలిసిపోయింది. నోరు తెరవబోయి మూసుకున్నాను. ఆయన గోడలు వేళ్ళతో తట్టి చూశారు. చెమ్మ ఉందేమోనని మూలల్లో వంగి చూశారు. కిటికీలు తెరిచి మూసి, మళ్ళీ తెరిచారు. ఇంటాయన తాళాల గుత్తి ఆడిస్తూ నన్ను జాలిగా చూశాడు. అత్తయ్య మెట్ల మీద కూర్చుని, "మీరు తేల్చుకునేలోపు నేను ఈ మెట్టు మీదే కాపరం పెడతాను" అంది.

నాకు విసుగు రాలేదు. ఆయన ఆ ఖాళీ గదుల్లో తిరుగుతుంటే, ఆ అడుగుల చప్పుడు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోతుంటే, ఇంకాసేపు తిరిగితే బాగుండుననిపించింది.

"నీకెలా ఉంది?" అని అడిగారు చివరికి.

"మీకెలా ఉంది?"

"చూద్దాం..." అన్నారు. నా మొహం చూసి, ఎన్నేళ్ళకో నవ్వారు. "కాదు. ఇదే."

ఏప్రిల్ 8

ఇద్దరూ మళ్ళీ వెళ్ళారు, సామాను సర్దుకురావడానికి. అప్పగించాల్సిన వాద్యాలున్నాయట. జిగురు ఆరనిది ఆరనివ్వాలట. "ఎప్పుడొస్తారు?" అని అడగలేదు. బస్సు కదిలాక ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, మలుపు తిరిగేదాకా నన్నే చూశారు.

ఏప్రిల్ 11, శుక్రవారం

కొత్త ఇంటికి మారాను. పరుపు, పెట్టె, స్టవ్వు, అంతే. ఖాళీ గదుల్లో మాట్లాడితే నా గొంతు నాకే తిరిగొస్తోంది. ముందుగదిలో గోడలకి మేకులు కొట్టించాను, వాద్యాలు తగిలించడానికి. ఎంత ఎత్తులో కావాలో ఆయన్ని అడగలేదు. అడిగుంటే ఆలోచించేవారు. ఎత్తు తక్కువైతే మళ్ళీ కొట్టించుకుంటాం.

పొద్దున ఫోన్ చేశారు. ఇప్పుడు రోజూ చేస్తున్నారు. ఎక్కువేం మాట్లాడరు. అక్కడ ఏదో చెక్క రుద్దుతూ ఉంటారు, నేనిక్కడ వింటూ ఉంటాను. ఇంతకుముందు ఎదురుచూడడం లేదని అబద్ధం రాసుకునేదాన్ని. ఇప్పుడు ఎదురుచూస్తున్నానని రాసుకోవడానికి ఇబ్బంది లేదు. ఆశ్చర్యం ఏమిటంటే, ఆయన రారని అనుకున్నప్పటికంటే, వస్తారని తెలిశాకే గుండె ఎక్కువ పీకుతోంది.

చీకటి పడుతోంది. దీపం ఇంకా వెయ్యలేదు. ఇందాక బయట మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఆయనవి కావని తెలుసు. ఆయన అక్కడ ఇంకా బస్సెక్కనే లేదు. అయినా రాస్తున్నది వదిలేసి, లేచి వెళ్ళి తలుపు తీశాను.